బిగుసుకొనిన బోల్టు ఎవరి నేరము?



చక్రము విప్పబోగా నట్టు కదలలేదు. పానా జారినది. నట్టు మూలలు అరిగి గుండ్రముగా తయారైనవి. మరియొకమారు బలము వేయగా స్టడ్డు విరిగినది. ఇంతవరకు జరిగిన తరువాత కార్యాలయము నుండి వచ్చు ప్రశ్న ఒక్కటే: "ఆనాడు బండి నడిపినవాడెవడు?" ఆ నట్టును కడపటిసారి బిగించినది ఎవరు, ఏ పనిముట్టుతో బిగించినారు, ఎన్ని నెలలుగా దానిని విప్పి చూడలేదు అను ప్రశ్నలు ఏ ఫైలులోను కనబడవు. ఆ ప్రశ్నలను ఫైలులోనికి ఎక్కించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మా వాదమును మొదటనే సూటిగా చెప్పుచున్నాము. దారిలో విప్పరాని బోల్టు దారిలో పుట్టదు. అది షెడ్డులో పుట్టును. కొలత లేకుండ బిగించుట వలన, తుప్పు తుడువకుండ చక్రమును ఎక్కించుట వలన, పనిముట్లకు డబ్బు మంజూరు చేయని పొదుపు వలన పుట్టును. దాని శిక్ష మాత్రము నెలల తరువాత, మైళ్ల దూరమున, చేతిలో జానెడు పానాతో నిలిచిన డ్రైవరు మీద పడును. ఈ అన్యాయమును మన సమాఖ్య ఇక సహింపరాదు.

"పెన్షను సమస్య యున్నది, ఖాళీ పోస్టుల సమస్య యున్నది, కార్మిక కోడ్లు నెత్తిమీదికి వచ్చినవి. ఇట్టి సమయమున బోల్టు సంగతి మనకేల?" అని కొందరు మిత్రులు అడుగవచ్చును. కార్మికుని పెద్ద హక్కులన్నియు చిన్న పనిముట్ల వద్దనే పరీక్షకు వచ్చును. తగిన సాధనము ఈయకుండ పని చేయుమనుట, పని చెడినప్పుడు జీతములో కోయుట – ఈ రెండును కలిసిన చోటనే దోపిడి అను మాటకు అర్థము తెలియును. 1968 సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వోద్యోగులు అవసరములకు తగిన కనీస వేతనము కొరకు సమ్మె చేసినారు. 1974 మే మాసమున రైల్వే కార్మికులు ఇరువది దినములు సమ్మెలో నిలిచినారు. ఆ పోరాటముల వారసులము మనము. జీతము కొరకు పోరాడిన మనము ఆ జీతములోనుండి అక్రమముగా కోయబడు రూపాయి కొరకు పోరాడకుండ ఎట్లు ఉండగలము?

జగర్గుండా దారి చెప్పు పాఠము

ఈ విషయమును పట్టణపు గ్యారేజీలో నిలబడి ఆలోచించినచో దాని తీవ్రత తెలియదు. అక్కడ నట్టు బిగుసుకొనినచో పిలుపు దూరమున మెకానిక్కు ఉండును, ప్రక్క వీధిలో లేత్ షాపు ఉండును. అందుచేత ఈ సమస్యను జగర్గుండా దారిలో నిలబెట్టి చూడవలసినదిగా పాఠకులను కోరుచున్నాము.

భద్రాచలము నుండి చింతూరు, కుంట మీదుగా జగదల్పూరు పోవు 30వ నంబరు జాతీయ రహదారిపై దోర్నపాల్ అను ఊరు కలదు. అక్కడినుండి అడవిలోనికి చీలిన రోడ్డు సుమారు 56 కిలోమీటర్లు పోయి జగర్గుండా చేరును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలోని గ్రామమది. దంతెవాడ వైపు నుండి అరన్‌పూర్ మీదుగా ఒక దారి, బీజాపూర్ వైపు నుండి బాసగూడ మీదుగా మరియొక దారి అక్కడనే కలియును. మూడు దారులు కలియు కూడలి గనుక ఒకప్పుడు అది ఆ ప్రాంతమునకు సంత, వ్యాపారము గల ఊరు. ఆ అడవి పల్లెల నుండి వేలాది కూలీలు ఏటేట మిరపకాయ కోతలకు ఖమ్మము, భద్రాద్రి సీమలకు వచ్చి పోవుచుందురు. కుంట ప్రాంతమున తెలుగు మాట వినబడును. కావున అది మనకు పరాయి సీమ కాదు.

2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఆ దారులు తెగిపోయినవి. ఊరి చుట్టు ముళ్లకంచె వెలిసినది. బియ్యము, ఉప్పు మొదలగు సరకులు పోలీసు పహారాలో, లారీల వరుసలలో మాత్రమే వచ్చెడివి. అదే రోడ్డు పొడవున గల చింతల్‌నార్ సమీపమున 2010 ఏప్రిల్ 6న 76 మంది భద్రతా సిబ్బంది హతులైనారు. రోడ్డు పనికి కాపలాగా నున్న 25 మంది సీఆర్పీఎఫ్ జవానులు 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద మరణించినారు. 2023 ఏప్రిల్ 26న అరన్‌పూర్ దారిలో మందుపాతర పేలి పదిమంది పోలీసు సిబ్బందితో పాటు వారి బండి నడుపుచున్న డ్రైవరు కూడ ప్రాణము కోల్పోయినాడు. అతడు సైనికుడు కాడు, పోలీసు కాడు, కేవలము డ్రైవరు. ఆ రోడ్డు ఖరీదు రూపాయలలో మాత్రమే లెక్కించదగినది కాదు.

మూతపడిన బడి అక్కడ 2019లో తిరిగి తెరువబడినది. బ్యాంకు శాఖ 2025లో వచ్చినది. బడి, బ్యాంకు వచ్చిన చోటికి తపాలా వచ్చును, తనిఖీ అధికారుల కార్లు వచ్చును, ఆ కార్లు నడుపు శ్రామికులు వచ్చెదరు. వానకాలమున ఎర్రబురదలో, వాగునీటిలో తడిసిన చక్రము పంక్చరైనచో ఆ డ్రైవరు ఏమి చేయవలెను? బండిలో ఉన్నది పొట్టి పానా ఒకటి, బలహీనమైన జాకీ ఒకటి. నట్టు కదలదు. చీకటి పడుచున్నది. అట్టి చోట పది నిమిషముల పని ఒక రాత్రి పని యగును. అడవి దారిలో ఆగిన బండి యందు రాత్రి గడుపుట అననేమో మేము వర్ణింపనక్కరలేదు.

బోల్టు ఎందుకు బిగుసుకొనును?

నేరము ఎవరిదో తేల్చుటకు ముందు ఉక్కు స్వభావము కొంత తెలిసికొనవలెను. బోల్టు బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగును. సాగిన ఉక్కు తిరిగి ముడుచుకొనజూచుచు రిమ్మును హబ్బునకు అదిమి పట్టియుంచును. చక్రమును నిలుపునది ఈ అదుము. మనము పానాపై వేయు శక్తిలో నూటికి సుమారు 10 పాళ్లు మాత్రమే ఈ అదుము క్రింద మారును. మిగిలినదంతయు నట్టు అడుగు భాగమున, మరల మధ్యను రాపిడికి పోవును. ఇది యంత్రవిద్యలో అందరు అంగీకరించిన స్థూలమైన లెక్క.

దీనివలన రెండు సంగతులు తేలును. మరలు తుప్పుపట్టి యున్నచో రాపిడి పెరిగి, నట్టు బిగిసినట్లు చేతికి తోచును గాని అదుము చాలదు. అట్టి చక్రము దారిలో వదులగును. మరలకు నూనె పూసి అదే బలముతో బిగించినచో రాపిడి తగ్గి, స్టడ్డు మితిమీరి సాగును. కావుననే తయారీదారులు చెప్పు బిగింపు కొలత సామాన్యముగా శుభ్రమైన, పొడి మరలకు చెప్పబడినది. "కొంచెము గ్రీజు పూసి గట్టిగా బిగించు" అను షెడ్డు సలహా మేలు కంటె కీడే ఎక్కువ చేయును.

సాధారణ కార్లకు ఆ కొలత ఇంచుమించు 80 నుండి 120 న్యూటన్ మీటర్ల వరకు ఉండును. సరియైన సంఖ్య ప్రతి బండి చేతి పుస్తకములోను అచ్చువేయబడి యుండును. అర మీటరు పొడవు పానా చివర 20 కిలోల బరువు వేసినచో వచ్చునది సుమారు 98 న్యూటన్ మీటర్లు. అనగా మామూలు మనిషి మామూలు చేతి బలముతో అందుకొనగల కొలత అది. ఇక 70 కిలోల మనిషి మీటరు పొడవు పైపు తొడిగి దాని కొసమీద నిలుచున్నచో 680 న్యూటన్ మీటర్లు దాటును. పన్నెండు మిల్లీమీటర్ల స్టడ్డు దానిని భరింపజాలదు. గాలితో నడచు ఎయిర్ గన్ కూడ కొలతలేని చేతిలో ఇట్టి అఘాయిత్యమునే చేయును. నాలుగు క్షణములలో నాలుగు నట్లు బిగించి, బండిని బయటకు త్రోసి, మరియొక బండిని లోనికి లాగుట షెడ్డుకు లాభము. ఆ నట్లను విప్పవలసినవానికి ఎయిర్ గన్ ఉండదు.

దీనికి తోడు తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు అది ఆక్రమించు చోటు పెరుగును. నట్టుకు, స్టడ్డుకు నడుమ గల సన్నని సందులో ఆ తుప్పు మేకువలె దిగి కూర్చుండును. రిమ్ము అల్యూమినియందైనచో ఉక్కుతో తాకిన చోట తడి తగిలి మరియొక విధమైన తినివేత జరుగును. నట్లన్నియు ఊడివచ్చినను చక్రము హబ్బును వదలదు. ఏడాదికి ఒకటి రెండుమార్లు చక్రము విప్పి, తీగ బ్రష్షుతో హబ్బును, మరలను శుభ్రపరచి, కొలతతో తిరిగి బిగించినచో ఇందులో ఏదియు జరుగదు. ఆ పని ఎవరిది? నిర్వహణ కాంట్రాక్టు పుచ్చుకొన్నవారిది, వారి బిల్లుపై సంతకము చేయువారిది. డ్రైవరుది మాత్రము కాదు.

పట్టాలపై ఉన్న నియమము చక్రముపై ఎందుకు లేదు?

రైల్వే సోదరులకు ఈ మాట క్రొత్తది కాదు. పట్టాల అతుకు వద్ద ఫిష్ ప్లేటును విప్పి, తుప్పు తుడిచి, గ్రాఫైటు, కిరోసిను, నల్లనూనె కలిపిన పూతను పూసి, మరల బిగించుట ఏడాదికొకసారి చలికాలమున జరుగవలసిన పని. ఫిష్ బోల్టును మితిమీరి బిగింపరాదని, పొడవు మీరిన పానా వాడరాదని పట్టాల పనివారికి నియమము కలదు. కీమెన్ ప్రతిదినము నడిచి చూచి వదులైన దానిని బిగించును. అచ్చట బోల్టు ఒక వ్యక్తి సామర్థ్యమునకు సంబంధించినదిగా ఎంచబడలేదు. అది క్రమముగా జరుగవలసిన నిర్వహణగా, చేతి పుస్తకములో వ్రాయబడిన విధిగా ఎంచబడినది.

జగర్గుండాకు ఉత్తరముననే బైలదిల్ల కొండలు కలవు. ఆ కొండల ఇనుప ఖనిజమును విశాఖ సముద్రమునకు దింపుటకై 1960 దశకమున కొత్తవలస–కిరండూల్ మార్గము వేయబడినది. సుమారు 445 కిలోమీటర్ల ఆ మార్గమున సొరంగములు, వంతెనలు, మలుపులు ఎన్నో. ఖనిజము ఆగరాదు గనుక ఆ పట్టాల ప్రతి బోల్టుకు కాపలా ఏర్పడినది. మంచిదే. ఆ కొండల క్రింది దారులలో తిరుగు అద్దె కారు చక్రమునకు మాత్రము ఏ కాపలాయు లేదు. ఇనుమును తరలించు బోల్టుకు ఉన్న గౌరవము మనిషిని మోయు బోల్టుకు లేకపోవుట ఏమి న్యాయమని అడుగుచున్నాము.

ఎదుటి వాదనలు

పరిపాలనా వర్గము చెప్పు మొదటి మాట: "డ్రైవరునకు చక్రము విప్పుట కూడ తెలియదా?" తెలియును. కొలతతో బిగించిన నట్టును బండిలోని పొట్టి పానాతోనే ఏ డ్రైవరైనను విప్పగలడు. కొలతకు మిక్కిలి మించి బిగించిన నట్టును విప్పలేకపోవుట అతని అసమర్థత కాదు. విప్పగలిగినచో అది అదృష్టము.

రెండవ మాట: "పనిముట్లకు ఖర్చగును." సాధారణమైన టార్క్ రెంచి ధర ఒక టైరు ధరకు మించదు, ఏండ్ల తరబడి ఎన్నో బండ్లకు పనికివచ్చును. ఒక విరిగిన స్టడ్డు, పాడైన రిమ్ము, ఆగిన బండి, ఆలస్యమైన తపాలా సంచి, పోయిన పనిదినము – వీని లెక్క వేసి చూచిన అధికారి ఈ మాట మరల పలుకడు. లెక్క వేయకపోవుటకు కారణము సుళువైనది. ఆ నష్టమును డ్రైవరు జీతములో రాబట్టవచ్చునను ధీమా ఉన్నంతవరకు ఎవరికిని లెక్కతో పని లేదు.

మూడవ మాట: "బండి అద్దెది, డ్రైవరు కాంట్రాక్టరు మనిషి, మాకేమి సంబంధము?" ఇది అన్నిటికంటె ప్రమాదకరమైన వాదము. పని ప్రభుత్వముది, ప్రయాణము ప్రభుత్వముది, ప్రమాదము మాత్రము కాంట్రాక్టు కార్మికునిది అనుట యిందలి సారము. మన సభ్యత్వ జాబితాలో అతని పేరు లేకపోవచ్చును. అయినను అతని చక్రము ఊడినచో ఆ బండిలో కూర్చున్న సెక్షన్ ఇంజనీరు, పోస్టల్ ఇన్‌స్పెక్టరు, మెయిలు సంచి – అందరును ఒకే గుంటలో పడుదురు. అతని రక్షణ మన రక్షణ.

మన యందలి దోషము

యాజమాన్యమును నిలదీయు మనము మన వాడుకలను కూడ నిలదీయవలెను. "పైపు తొడిగి ఎక్కి తొక్కినాను, టక్కున ఊడినది" అని మీసము మెలివేయు పెద్దలు ప్రతి షెడ్డులో ఉన్నారు. ఊడని నాడు పానా జారి మోకాలు చిప్ప పగిలిన సంగతి వారు చెప్పరు. కార్మికుని కండబలమును పొగడి పనిముట్టును ఎగవేయుట యాజమాన్యమునకు మిక్కిలి చవుకైన ఏర్పాటు. ఆ పొగడ్తకు మనము లొంగరాదు. సరియైన పద్ధతి ఏదియో ప్రతి సభ్యుడు తెలిసికొనుట యూనియను పనియే యని మా అభిప్రాయము. అందుచేత దానిని ఇచ్చట క్లుప్తముగా చెప్పుచున్నాము.

బండిని గట్టి, సమతలమైన నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, మిగిలిన చక్రములకు రాళ్లు పెట్టవలెను. చక్రము నేలపై ఉండగానే నట్లను వదులు చేయవలెను. జాకీపై లేచిన బండిపై బలము వేయుట ప్రాణాంతకము. తీగ బ్రష్షుతో మరల తుప్పు రాల్చి, తుప్పు వదలించు పలుచని నూనె వేసి, కొంతసేపు ఆగవలెను. ఆ నూనె బ్రేకు డిస్కుపైకి పోకుండ జాగ్రత్తపడవలెను. నట్టు తలపై సుత్తితో నేరుగా నాలుగు దెబ్బలు వేసినచో తుప్పు పట్టు సడలును. ఆరు మూలల బాక్సు పానాను నట్టుపై పూర్తిగా దింపి, ముందు వెంట్రుకవాసి బిగింపు వైపు, పిమ్మట వదులు వైపు త్రిప్పవలెను. అర మీటరుకు తక్కువగాని గట్టి కడ్డీని చేతులతో, కుదుపు లేకుండ, నిలకడగా లాగవలెను. పాత విల్లీస్ తరహా జీపులలో ఎడమవైపు చక్రములకు ఎడమ మరలుండెడివి. అట్టి బండి చేతికి వచ్చినప్పుడు ఏ వైపు వదులో ముందుగా తెలిసికొననిచో, వదులు చేయుచున్నామనుకొని బిగించి విరుగగొట్టుదుము.

నట్టు మూలలు అరిగినచో పన్నెండు మూలల పానా మరింత చెరచును. ఒక సైజు తక్కువ గల ఆరు మూలల బాక్సును సుత్తితో నట్టుపైకి దిగగొట్టి త్రిప్పవలెను. కొన్ని నట్లకు పైన మెరుపు రేకు తొడుగు ఉండును. అది ఉబ్బినందున పానా పట్టదు. ఉలితో ఆ తొడుగును ఒలిచి, లోపలి నట్టు సైజు చూచుకొనవలెను. అంతకు మించినచో అది షెడ్డు పని. నట్టును చీల్చు పనిముట్టు, పెద్ద నట్టును దానిపై వెల్డు చేయుట, మధ్య గుంట కొట్టి సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి తొలుచుట మొదలైన ఉపాయములు కలవు. మన మారుతి, టాటా, మహీంద్రా బండ్లలో సామాన్యముగా హబ్బు నుండి వచ్చు స్టడ్డుపై నట్టు ఉండును గనుక విరిగిన స్టడ్డును వెనుకకు కొట్టి క్రొత్తది వేయవచ్చును. ఫోక్స్‌వాగన్, స్కోడా వంటి బండ్లలో బోల్టే నేరుగా హబ్బులోనికి పోవును. అది లోపల విరిగినచో తొలుచుట తప్ప గతి లేదు, ఆ పని నేర్పరి చేతనే చేయింపవలెను.

ఒక్క పని ఎన్నటికిని చేయరాదు. టైరు ఉన్న చక్రమును గ్యాసు మంటతో కాల్చరాదు. వేడికి లోపలి రబ్బరు నుండి పుట్టిన ఆవిరులు మంట తీసివేసిన తరువాత కూడ అంటుకొని టైరును పేల్చగలవు. నట్టు కొరకు ప్రాణము పణము పెట్టుమని ఏ అధికారి చెప్పినను ఆ ఆదేశమును పాటింపనక్కరలేదు. అట్టి నిరాకరణకు యూనియను అండగా నిలువవలెను.

చక్రము మరల బిగించునప్పుడు మరలు శుభ్రపరచి, నక్షత్రాకారమున ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా బిగించి, చివరకు టార్క్ రెంచితో కొలత చూడవలెను. 50 నుండి 100 కిలోమీటర్లు నడిచిన తరువాత మరియొకమారు చూడవలెను. ఒక స్టడ్డు మితిమీరిన బిగింపు వలన విరిగినచో దాని ప్రక్కనున్నవి కూడ సాగి యుండవచ్చును. వానిని మార్చకుండ బండిని దూరము పంపరాదు. ఇంగ్లండు మొదలగు దేశములలో లారీల నట్లపై రంగు ప్లాస్టిక్ సూచికలు తొడుగుదురు. నట్టు కదలినచో సూచిక ముఖము త్రిప్పును; నడచిపోవువానికి కూడ తెలియును. అది పైసలతో అయ్యెడి పని. మన బండ్లకు అది ఎక్కకపోవుటకు విజ్ఞానము లేకపోవుట కారణము కాదు, శ్రద్ధ లేకపోవుటయే.

కోత గూర్చి చట్టమేమనుచున్నది?

ఇక జీతపు కోత సంగతి. తపాలా ఉద్యోగులకు 1965 నాటి సీసీఎస్ (సీసీఏ) నిబంధనలలో 11వది, రైల్వే ఉద్యోగులకు 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలలో 6వది ప్రభుత్వ నష్టమును జీతము నుండి రాబట్టుటను శిక్షగా పేర్కొన్నవి. శిక్ష యనగా నిర్ణీత విధానము పాటింపక తప్పదు. ఉద్యోగి నిర్లక్ష్యము వలన గాని, ఉత్తర్వుల ఉల్లంఘన వలన గాని నష్టము కలిగెనని చూపవలెను. అతనికి అభియోగము తెలిపి, సమాధానము వినవలెను. "బండి నీ చేతిలో ఉన్నది, స్టడ్డు విరిగినది, కావున చెల్లించు" అనుట ఈ నిబంధనలలో ఎచ్చటను లేదు. ఫలానా నిర్లక్ష్యమునకు, ఫలానా నష్టమునకు నేరుగా సంబంధము చూపనిదే రికవరీ చెల్లదు.

ప్రైవేటు, కాంట్రాక్టు కార్మికులకు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టము ఇట్టి రక్షణనే ఇచ్చినది. నష్టము కార్మికుని నిర్లక్ష్యము వలననే కలుగవలెను, అతనికి చెప్పుకొనుటకు అవకాశమీయవలెను, కోత నష్టమును మించరాదు. ఆ చట్టము స్థానమున వచ్చిన 2019 వేతనాల కోడు కూడ ఈ సూత్రమును నిలుపుకొనినది. కోడ్లపై మన సమాఖ్యకు గల వ్యతిరేకత వేరు. అందులో మిగిలియున్న రక్షణను వాడుకొనుట వేరు. రెండును చేయుదము.

కావున ఇట్టి మెమో వచ్చినప్పుడు సభ్యుడు భయపడి "క్షమింపుడు, చెల్లించెదను" అని వ్రాసి ఇయ్యరాదు. ఆ ఒక్క పంక్తి విచారణకు గొయ్యి త్రవ్వును. దానికి మారుగా ఈ ప్రశ్నలు వ్రాతపూర్వకముగా అడుగవలెను: ఆ చక్రమును కడపటిసారి బిగించిన తేదీ ఏది? ఏ పనిముట్టుతో, ఏ కొలతతో? దాని రిజిస్టరు ఎక్కడ? బండితో ఇచ్చిన పనిముట్ల జాబితా ఏది? విరిగిన స్టడ్డు ముక్క ఎవరి స్వాధీనములో ఉన్నది? ఆ ముక్కను పారవేయనీయకుడు. పాత తుప్పు, క్రొత్త విరుగుడు, సాగిన మర – ఇవన్నియు దానిపై కనబడును. మెమోలోని అక్షరముల కంటె ఆ ముక్క ఎక్కువ నిజము చెప్పును.

మా డిమాండ్లు

1. శాఖ బండియైనను, అద్దె బండియైనను, ప్రతి దానితో ఆరు మూలల బాక్సు పానా, అర మీటరుకు తక్కువగాని కడ్డీ, తీగ బ్రష్షు, తుప్పు వదలించు నూనె, సరియైన జాకీ, చక్రపు అడ్డులు, చేతి దీపము ఇయ్యవలెను. జాబితాపై అధికారి సంతకము ఉండవలెను.

2. ప్రతి షెడ్డులోను టార్క్ రెంచి ఉండవలెను. ఎయిర్ గన్‌తో తుది బిగింపు చేయరాదు.

3. చక్రము బిగించిన ప్రతిసారి తేదీ, కొలత, బిగించిన వాని పేరు రిజిస్టరులో వ్రాయవలెను. వానకాలమునకు ముందొకసారి, తరువాత ఒకసారి చక్రములు విప్పి శుభ్రపరచవలెను.

4. అద్దె బండ్ల టెండరులో ఈ షరతులను చేర్చవలెను. అతి తక్కువ ధర చెప్పినవానికే పని ఇచ్చి, ఆ తక్కువను డ్రైవరు ప్రాణముతో భర్తీ చేయు పద్ధతి మానవలెను.

5. బండి చెడి దారిలో నిలిచిన కాలమంతయు విధి నిర్వహణ కాలముగా లెక్కింపవలెను. అడవి దారులలో రాత్రి ప్రయాణమునకు ఒత్తిడి చేయరాదు.

6. విచారణ లేని రికవరీ మెమోలను ఉపసంహరించుకొనవలెను. ఇదివరకు అట్లు కోసిన సొమ్మును తిరిగి ఇయ్యవలెను.

ఈ డిమాండ్లలో కోట్ల రూపాయల పని ఒక్కటియు లేదు. క్రొత్త చట్టము కావలసినది ఒక్కటియు లేదు. ఉన్న నియమమును ఉక్కుకు, మనిషికి సమానముగా వర్తింపజేయుట మాత్రమే కావలెను. ప్రతి శాఖ తన తదుపరి సమావేశములో ఈ అంశమును చేపట్టి, తమ పరిధిలోని బండ్ల పనిముట్ల జాబితాను తయారుచేసి, లేని పనిముట్ల వివరములతో వినతిపత్రము సమర్పింపవలసినదిగా కోరుచున్నాము. అద్దె బండ్ల డ్రైవర్లను ఆ సమావేశములకు పిలువుడు. వారి మాట ముందు వినుడు.

దోర్నపాల్ నుండి జగర్గుండా వరకు రోడ్డు వేయుటకు ఎందరి ప్రాణములు పోయినవో దేశమునకు తెలియును. అట్టి రోడ్డుపై నడుచు బండికి టైరు ధర చేయని పనిముట్టును నిరాకరించుట పొదుపు అనిపించుకొనదు. కొలత లేకుండ బిగించు చేతిని విడిచి, విప్పజాలని చేతిని పట్టుకొను ఈ ఆచారము అంతము కావలెను. బండి నడిపినవాడెవడని అడుగు అధికారిని ఇకమీదట మనమొక్క ప్రశ్న అడుగుదము: నట్టు బిగించిన రిజిస్టరు చూపుడు.